గండం టీ

హోసూరు,
జూన్ 8, 2025

మామా,

మామిడిపళ్ల బుట్ట చేరింది. బస్సు కండక్టర్ దాన్ని నా చేతిలో పెట్టి, "మీ మామ ఒక్కో పండూ ముట్టి చూసి పెట్టినాడంటమ్మా. ఆఫీసులో పంచొద్దని చెప్పమన్నాడు" అన్నాడు. పంచేశాను. మల్గోవాలు మాత్రం మంచం కింద దాచాను.

ఫోనులో మాట్లాడటం మానేసి ఉత్తరాలు మొదలుపెట్టడం మంచిదైంది. ముప్పై మూడేళ్లు బస్సు ఇంజను పక్కన కూర్చుని నువ్వు చెవులు పోగొట్టుకున్నావు. నేను ఫోనులో అరిస్తే నీకు తప్ప మా వీధి మొత్తానికీ వినపడుతోంది. పైగా నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి ఇందులో తప్పులుంటే ఆ పాపం నీదే.

కిందటిసారి అడిగావు కదా, "విమానం తోలవు, రిపేరు చెయ్యవు, మరి నీ పనేందమ్మా?" అని. చెప్తాను విను. ఊరి బయట ఒక ఫ్లయింగ్ స్కూలు ఉంది. విమానం నడపడం నేర్పుతారు. దిగే విమానం రన్‌వే మీద ఆగకుండా చివర దాటి పొలంలోకి దూసుకుపోవడం ఒక రకం ప్రమాదం. అది ఒక్క క్షణంలో జరగదు. విమానం కాస్త ఎక్కువ ఎత్తులో వచ్చింది. పైలట్ గమనించి మళ్లీ పైకి లేచిపోతే కథ అక్కడితో సరి. గమనించకపోతే రన్‌వే సగం దాటాక నేల తాకుతుంది. ఆ పూట వాన పడి నేల తడిగా ఉంటే ఇంకో మెట్టు. బ్రేకు బలహీనంగా ఉంటే మరో మెట్టు. మేము ముగ్గురం కలిసి ఈ మెట్లన్నిటినీ కంప్యూటర్‌లో పెట్టెలుగా గీసి, ఏ పెట్టె దగ్గర ఎన్నిసార్లు ఆగుతుంది, ఎన్నిసార్లు ముందుకు పోతుంది అని లెక్క కడతాం. ఎక్కడ చెయ్యి అడ్డం పెడితే ప్రమాదం ఆగుతుందో అలా తెలుస్తుంది.

చిక్కేమిటంటే, నా లెక్క ప్రకారం ఆ స్కూలు విమానాలు నెలకు రెండు చొప్పున పొలాల్లోకి పోవాలి. తొమ్మిదేళ్లలో ఒక్కటీ పోలేదు. జరిగిన ప్రమాదాల మీద లావు లావు రిపోర్టులు దొరుకుతాయి. మొదలై, మధ్యలో ఆగిపోయిన వాటి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు. అందుకే నా లెక్కకు చెడిపోవడం తెలుసు, చక్కబడటం తెలియదు. స్కూలు విమానాల షెడ్డుకు వెళ్లి అడిగితే మెకానిక్‌లు బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చుంటారు. పెద్ద మెకానిక్ మాదేశ్ అన్న అయితే, "ఈడ అన్నీ బాగుండాయమ్మా, నీ ఫారం నువ్వే నింపుకో" అంటాడు.

డిసెంబరులో మా కంపెనీ పెద్దలు వచ్చి మా లెక్క పరీక్షిస్తారు. అప్పటికి సరి కాకపోతే ఈ పని మూసేసి నన్ను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ అమ్మే చోట కూర్చోబెడతారు. నాకు ఈ పని ప్రాణం మామా.

మీ డ్రైవర్లు ఇలాంటివి ఒకరికొకరు చెప్పుకునేవాళ్లా?

నీ ఆశ

---

కృష్ణగిరి,
జూన్ 15, 2025

ఆశమ్మా,

చెవులు తప్ప ఇక్కడ అన్నీ క్షేమం. మీ తిమ్మక్క అత్త క్షేమం, ఆమె నోరు మరీ క్షేమం. పళ్లు పంచొద్దంటే పంచావు. మీ అమ్మ పోలికే.

చెప్పుకునేవాళ్లా అని అడిగావు. చెప్పుకోకపోతే నేను డెబ్బై ఏళ్లు బతికేవాణ్నా?

మా పచ్చబస్సుల కంపెనీ నీకు గుర్తుండదు. నువ్వు బడికి పోయే వయసుకే ఓనరు అమ్మేశాడు. అప్పట్లో డిపో గేటు పక్కన ఒక టీ కొట్టు ఉండేది. ఆఖరి ట్రిప్పు ముగిశాక డ్రైవర్లందరం అక్కడ చేరేవాళ్లం. బల్ల మీద మా గ్లాసులన్నీ బోర్లించి ఉండేవి. అందరికంటే పెద్ద డ్రైవర్ అంకప్ప, "ఈ పొద్దు గండం యెవురిదప్పా?" అని అడిగేవాడు. ఆ రోజు ఎవరికి గండం తప్పిందో వాడు తన గ్లాసు తిప్పి నిలబెట్టాలి. మొదటి టీ వాడికే. తాగుతూ జరిగింది చెప్పాలి. నిద్ర తూగిందో, గేదె అడ్డం వచ్చిందో, ఆవలి బస్సుతో పంతానికి పోయి గుంతలో దిగబోయాడో, ఉన్నది ఉన్నట్టు. వాడి గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరూ తిట్టకూడదు. నవ్వొచ్చు. గ్లాసు ఖాళీ అయ్యాక ఎంతైనా తిట్టొచ్చు. ఆలోగా మెకానిక్ టార్చి తీసుకుని ఆ బస్సు కిందికి దూరేసేవాడు. దాన్నే గండం టీ అనేవాళ్లం. కొందరు తిట్లు తప్పించుకోవడానికి అరగంట సేపు చప్పరించేవాళ్లు.

నీ కంప్యూటర్‌కు పరీక్ష పెట్టడానికి ఒక కథ ఇస్తాను. మన మునెప్ప తెలుసు కదా, ఎదురింటి మునెప్ప, నాతో రోజూ పులి–మేక ఆట ఆడతాడు. నువ్వు పుట్టిన మరునాడు వాడు పోచంపల్లి సంత బస్సు తోలుతున్నాడు. లోపల నిలబడటానికి చోటు లేదు. మత్తూరు దాటాక దిగుడులో బ్రేకు పట్టలేదు. ఎదురుగా ఎద్దులబండి. వాడు స్టీరింగు తిప్పి, తడిపెట్టిన రాగిచేనులోకి పోనిచ్చాడు. బస్సు బురదలో కూరుకుపోయి నిలిచింది. కోళ్లబుట్టలు పగిలి కోళ్లన్నీ కిటికీల్లోంచి ఎగిరాయి. మీ విమానాలకంటే బాగానే దిగాయట. ఒక ముసలామె బస్సు దిగి, "మా ఊరు ఇంకా రాలేదే, ఈడ యెందుకు ఆపినావు?" అని అడిగిందట. ఎవరికీ పెద్ద దెబ్బలు లేవు. మునెప్పకు మాత్రం మోకాలు చితికింది. మళ్లీ బస్సు ఎక్కలేదు, టైమ్‌కీపర్ అయ్యాడు. ఊరంతా కలిసి వాడికి పూలమాల వేశారు.

ఆ మాల ఫోటో ఇప్పటికీ వాడి గోడ మీద ఉంది.

నీ మామ
వరదప్ప

---

హోసూరు,
జూలై 6, 2025

మామా,

మునెప్ప తాత బస్సును మా బోర్డు మీద గీశాం. కోళ్లకు కూడా ఒక పెట్టె ఇచ్చాం. మా ఆఫీసులో ఇంతగా నవ్విన రోజు లేదు.

నవ్వాక లెక్క మొదలుపెట్టాం. దిగుడు, నిండు బస్సు, ఎద్దులబండి, రాగిచేను అన్నీ సరిపోయాయి. రెండు పెట్టెలు మాత్రం ఖాళీగా మిగిలాయి. బ్రేకు నూనె కారిపోవడం ఒక్క పూటలో జరగదని మాదేశ్ అన్న చెప్పాడు. పెడల్ ముందు రోజే లోతుకు పోయి ఉండాలి. అంటే ముందు రోజు సాయంత్రం ఆ బస్సు తోలినవాళ్లకు తెలిసి ఉండాలి. అది మొదటి పెట్టె. ఆ రోజు పొద్దున డిపో గేటు దాటేటప్పుడూ తెలిసి ఉండాలి. అది రెండోది. ముందు రోజు గండం టీ దగ్గర ఎవరూ గ్లాసు తిప్పలేదా? ఆ సాయంత్రం బస్సు తోలింది ఎవరు మామా? నీకు గుర్తుంటుంది, నీకు బస్సుల నంబర్లు కూడా గుర్తే.

నీ గండం టీని షెడ్డులో పెట్టి చూశాను. బోండాలు తీసుకెళ్లాను, గ్లాసులు బోర్లించాను, అంకప్పలా గొంతు పెట్టి అడిగాను. బోండాలు అయిపోయాయి. గ్లాసులు కదల్లేదు. మాదేశ్ అన్న మూతి తుడుచుకుని, "ముందు పెద్దోళ్లు యెవురన్నా చెప్పాల గదమ్మా. నీకేం గండం ఉండాది, కుర్చీలో కూర్చునేదానికి?" అన్నాడు. నిజమే.

ఆశ

---

కృష్ణగిరి,
జూలై 27, 2025

ఆశమ్మా,

ఆలస్యమైంది. వీధిలో కోతులు దిగాయి. అత్త ఎండబెట్టిన మిరపకాయల్లో ఒకటి కొరికి, అలిగి, చేట ఎత్తుకుపోయాయి. చేట కోసం నేను నిచ్చెన ఎక్కాను. అత్త కింద నిలబడి నన్ను తిట్టింది, కోతులను ఒక్క మాట అనలేదు. టౌనులో ఎండలు తగ్గాయి. మునెప్ప మనవరాలికి బేరిగైలో సంబంధం చూస్తున్నారు.

బోండా తప్పు. బోండా కడుపు నింపుతుంది, నిండిన కడుపు మాట్లాడదు. మసాలా వడ పెట్టు. టీ పొగలు కక్కాలి.

పెద్దవాళ్లు ముందు చెప్పాలన్నది సరైన మాటే. మా దగ్గర అంకప్పే మొదలుపెట్టేవాడు.

బస్సు సంగతి పాతది. ఎవరు తోలారో ఎవరికి గుర్తు? వేరే కథ పంపుతాను, అది గీసుకో.

వరదప్ప

ఆశా, నేను అత్తను. కవరు అంటించే ముందు ఈ రెండు ముక్కలు రాస్తున్నాను. మీ మామ ఈ చిన్న ఉత్తరాన్ని నాలుగుసార్లు రాసి చింపాడు. పులి–మేకలో మునెప్ప చేతిలో వరసగా ఓడిపోతున్నాడు. నువ్వు ఏమడిగావు?

---

హోసూరు,
ఆగస్టు 17, 2025

మామా,

నా పుట్టినరోజుకు నువ్వు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి. అత్త చేతికి జ్వరం కబురు ఇచ్చి పంపావు. అత్తకు అబద్ధం చెప్పడం రాదు, మైసూరుపాకు డబ్బా నా చేతిలో పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ రోజు అమ్మ నేను పుట్టిన కథ మళ్లీ చెప్పింది. ప్రతి ఏడూ చెప్తుంది, నేను ప్రతి ఏడూ సగమే వింటాను. ఈసారి మొత్తం విన్నాను. నువ్వు ఆస్పత్రికి ఖాకీ బట్టలతోనే పరుగెత్తుకు వచ్చావట. మత్తూరు నుంచి ఆఖరి ట్రిప్పు దింపి నేరుగా వచ్చావట. చేతుల నిండా గ్రీజు. నర్సు తిట్టినా వినకుండా నన్ను ముట్టుకున్నావట. నా మొదటి చొక్కాకు గ్రీజు మరక పోనేలేదట.

నేను జూలైలో ఒక ప్రశ్న అడిగాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పెట్టె ఖాళీగానే ఉండనీ. నా లెక్క కంటే నాకు నువ్వు ముఖ్యం.

కోప్పడకు. వచ్చే ఆదివారం నేనే వస్తాను, పని సంగతి ఎత్తను.

నీ ఆశ

---

కృష్ణగిరి,
సెప్టెంబరు 3, 2025

తల్లీ,

నువ్వు వచ్చావు, మాట ప్రకారం ఏమీ ఎత్తలేదు. పప్పుచారు తిని, అత్తతో కోతుల కథ చెప్పించుకుని వెళ్లిపోయావు. అడిగి ఉంటే దబాయించేవాణ్ని. అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నీ ఉత్తరం చూసి నేను తడుముకున్నాను. నీ మొదటి పెట్టెలో వరదప్ప అని రాసుకో.

ఆ సాయంత్రం మత్తూరు దిగుడులోనే పెడల్ నేలకు అంటుకుంది. అప్పటి డ్రైవర్లకు అందరికీ ఒక అలవాటు ఉండేది. పెడల్ దిగిపోతే రెండుసార్లు గబగబా తొక్కడం. తొక్కాను. పట్టింది. డిపోకు చేరాను. టీ బల్ల ముందు కూర్చున్నాను. అంకప్ప, "ఈ పొద్దు గండం యెవురిదప్పా?" అన్నాడు. నా చెయ్యి గ్లాసు మీదికి పోయింది. అదే నిమిషంలో ఎవరో సైకిల్ మీద వచ్చి, "వరదప్పా, మీ చెల్లెలికి ఆడబిడ్డ పుట్టింది" అన్నారు. గ్లాసు తిప్పితే కథ చెప్పాలి, మెకానిక్ వచ్చేదాకా ఉండాలి, తిట్లు తినాలి. రేపు చెప్దాంలే అనుకున్నాను. బోర్లించిన గ్లాసు బోర్లించినట్టే వదిలేసి పరుగెత్తాను.

నువ్వు నా వేలు పట్టుకున్నావు. ఆ రాత్రంతా నాకు బస్సు గుర్తు లేదు. తెల్లారి లేచేసరికి మునెప్ప దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

వాడికి తెలియదు. ఇన్నేళ్లుగా రోజూ సాయంత్రం వాడు కుంటుతూ మా అరుగు ఎక్కుతాడు. ఆ అడుగుల చప్పుడు నాకు వినపడదు, కళ్లతో చూస్తాను. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. చెప్దామని ప్రతిసారీ అనుకుంటాను. చెప్తే రేపటి నుంచి అరుగు ఎక్కడేమోనని భయం. వాడు తప్ప నాకు స్నేహితుడు లేడు.

రెండో పెట్టె ఖాళీగానే ఉంచు. అది మునెప్పది, పాపం వాడికేమీ తెలియదు.

మామ

---

హోసూరు,
సెప్టెంబరు 14, 2025

మామా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత నీ మీద కోపం వచ్చింది. తర్వాత పోయింది. ఈ మూడూ నిజమే కాబట్టి మూడూ రాస్తున్నాను.

నీ తప్పు లేదని నేను అనను. నువ్వు గ్లాసు తిప్పి ఉంటే ఆగేది. తప్పు లేదంటే నువ్వూ ఒప్పుకోవు, నేనూ అబద్ధం చెప్పను. కానీ నీ పేరు రాశాక బోర్డు ముందు చాలాసేపు కూర్చున్నాను. నువ్వు ఇన్నేళ్లూ ఒక్క పెట్టెనే చూస్తున్నావు. అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. పాత గొట్టాలు మార్చకుండా వాయిదా వేసిన ఓనరు ఉన్నాడు. రెండుసార్లు తొక్కితే సరిపోతుందని డ్రైవర్లందరికీ పట్టుబడిన అలవాటు ఉంది. సంత రోజున పట్టనంత జనం ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రమే పుట్టి నిన్ను పరుగెత్తించిన ఒక పిల్ల కూడా ఉంది. నా పేరుతో ఒక పెట్టె గీశాను. మా బృందం కోళ్ల పక్కన పెట్టింది.

మామా, నా లెక్కకు నువ్వు కావాలి. ఆ షెడ్డులో అందరి దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. ఎవరో ఒక పెద్దవాడు మొదట గ్లాసు తిప్పాలి, నిజమైనది చెప్పాలి. కోతుల కథ పనికిరాదు.

గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరూ తిట్టకూడదని నువ్వే రాశావు. అది నీకు మాత్రం వర్తించదా? మునెప్ప తాతను కూడా తీసుకురా.

ఆశ

---

కృష్ణగిరి,
అక్టోబరు 30, 2025

ఆశమ్మా,

వచ్చే గురువారం పది గంటల బస్సుకు వస్తాం. మునెప్పకు విమానాలు చూపిస్తానని చెప్పాను. కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాడు. అత్తకు అంతా చెప్పేశాను. ఆమె, "ఇప్పుడన్నా చెప్పు, పో" అంది.

వడలు ఎక్కువ చెయ్యించు.

మామ

---

కృష్ణగిరి,
నవంబరు 8, 2025

తల్లీ,

మేము వచ్చి పోయి రెండు రోజులైంది. ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయి. కండక్టర్‌ను నీ ఆఫీసు ముందే నిలబడమని చెప్పాను.

నాకు గుర్తున్నంత వరకు రాస్తాను. నువ్వు అడిగావు, నేను గ్లాసు తిప్పాను. బయట ఒక విమానం ఇంజను తిరుగుతూ ఉంది. ఇంజను మోతలో నాకు నా గొంతు కూడా వినపడదు. నేను మెల్లగానే చెప్పాననుకుంటున్నాను. మునెప్ప నా వెనక నిలబడ్డాడు. వాడి మొహం చూసే ధైర్యం లేక మాదేశ్ మొహం చూస్తూ చెప్పాను. టీ తాగాను. గ్లాసు సగానికి వస్తే నా భుజం మీదుగా కెటిల్ వచ్చింది, టీ పడింది. మళ్లీ తాగాను. మళ్లీ పడింది. చూస్తే ఆ చెయ్యి మునెప్పది. నాలుగైదుసార్లు పోశాడు. ఆ తర్వాత వాడు ఏదో అన్నాడు. అందరూ వాడి వైపు తిరిగారు. చాలాసేపు మాట్లాడాడు. అందరూ నవ్వారు. నువ్వు కళ్లు తుడుచుకున్నావు.

ఏమన్నాడు? బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. దిగాక, "రేపు ఆటకి వస్తావా?" అన్నట్టు చేతితో సైగ చేశాడు. ఆడాం. వాడే గెలిచాడు. అడగడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు రాయి.

మామ

---

హోసూరు,
నవంబరు 9, 2025

మామా,

కండక్టర్ నిజంగానే గేటు ముందు నిలబడి బస్సు హారన్ కొట్టిస్తున్నాడు. త్వరగా రాస్తాను.

ముందు ఒక మాట. నువ్వు మెల్లగా చెప్పలేదు. షెడ్డు రేకులు అదిరేలా చెప్పావు. రన్‌వే చివర గడ్డి కోసేవాళ్లు కూడా పని ఆపి విన్నారు.

నువ్వు, "ఆ గ్లాసు నేను తిప్పలేదు, వీడి కాలు పోయింది నా వల్లనే" అనగానే మునెప్ప తాత మాదేశ్ అన్న చేతిలోంచి కెటిల్ తీసుకున్నాడు. నీ గ్లాసు తగ్గినప్పుడల్లా పోశాడు. ఐదోసారి మాదేశ్ అన్న, "చాలప్పా, ఆయనకి పొంగిపోతా ఉండాది" అన్నాడు. అప్పుడు తాత అన్న మాట అక్షరం పొల్లు పోకుండా రాస్తున్నాను.

"గ్లాసు ఖాళీ అయితే తిట్టాల గదప్పా. అందుకే ఖాళీ కానియ్యను."

తర్వాత బల్ల దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, ఇంకో గ్లాసు తీసుకుని తిప్పి పెట్టాడు. "నాకూ పోయండప్పా. నేనూ ఇరవై తొమ్మిదేండ్లుగా బోర్లించుకునే ఉండాను" అన్నాడు.

నీ రెండో పెట్టె ఖాళీ కాదు మామా. ఆ పొద్దున డిపో గేటు దగ్గరే ఆయన కాలికి పెడల్ లోతుగా తగిలిందట. "రెండు తొక్కులు తొక్కినాను, పట్టింది. రాత్రి దీన్ని తోలింది వరదప్ప గదా, యేమన్నా ఉంటే చెప్పకుండా పోడు అనుకున్నాను. సంతకి లేటు అయితాదని పోయినాను. ఆమీట అందరూ మాల యేసిరి. బ్రేకు ఉన్నట్టుండి పోయిందని నేనూ ఊరుకున్నాను. మాల మెడలో ఉంటే నిజం యెట్లా చెప్పేది? ఇంటికి వచ్చినోళ్లంతా ఆ ఫోటోనే చూస్తారు. నేను మాత్రం దాని తట్టు చూడను. ఈయప్ప మొహం చూసినప్పుడంతా, నేను చెప్పుంటే నన్ను మెకానిక్ గేటు దాటనిచ్చేవాడా అనుకుంటా ఉంటి." ఇదీ తాత చెప్పింది. చివరికి, "ఇద్దురమూ పక్కపక్కనే కూర్చుని పులి–మేక ఆడినామప్పా. యెవురు పులో యెవురు మేకో ఇప్పుడే తెలిసింది, ఇద్దురమూ మేకలే" అన్నాడు. అందరూ నవ్వింది అప్పుడే. నేను ఏడ్చిందీ అప్పుడే.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాదేశ్ అన్న గ్లాసు తిప్పాడు. ఇంజను పక్కన టార్చి మరిచిపోయి మూత వేశాడట, విమానం బయలుదేరే ముందు గుర్తొచ్చి పరుగెత్తాడట. ఎనిమిదేళ్ల కిందటి మాట, భార్యకు కూడా చెప్పలేదట. తర్వాత నాగజ్యోతి తిప్పింది. విమానం నడపడం నేర్చుకుంటున్న అమ్మాయి, నీకు వడలు వడ్డించింది చూడు, ఆమె. పోయిన వానాకాలంలో తడి రన్‌వే మీద ఆలస్యంగా దిగి, కంచెకు ఒక బస్సు పొడవు దూరంలో ఆగిందట. మళ్లీ పైకి లేచిపోతే టీచరు ఎందుకని అడుగుతాడని భయపడి దిగిందట. ఆ టీచరు అక్కడే ఉన్నాడు. ఆమె గ్లాసులో టీ ఇంకా ఉంది కాబట్టి ఏమీ అనలేక నోరు మూసుకున్నాడు. మీరు బస్సెక్కాక కూడా ఆగలేదు. చీకటి పడేలోగా పదిహేడు గండాలు రాసుకున్నాను. అందరికీ టీ సరిపోక మళ్లీ కాచారు.

నాగజ్యోతి మాట విన్నాక స్కూలువాళ్లు ఒక నియమం పెట్టారు. దిగడం కుదరదనిపించి మళ్లీ పైకి లేచినవాళ్లను ఇకపై ఎవరూ కారణం అడగకూడదు. పదిహేడు గండాలనూ లెక్కలో పెడితే నెలకు రెండు అన్నది ఇప్పటికే చాలా దిగింది. ఇకపై గురువారం గురువారం గండం టీ ఉంటుంది. డిసెంబరు లోపు ఇంకా వస్తాయి.

హారన్ మళ్లీ మోగుతోంది. మునెప్ప తాత దగ్గరికి వెళ్లు మామా. ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్లు.

నీ ఆశ

---

కృష్ణగిరి,
డిసెంబరు 24, 2025

ఆశమ్మా,

నిన్న కండక్టర్ నీ చీటీ తెచ్చాడు. పెద్దలు లెక్క ఒప్పుకున్నారనీ, ఇంకో మూడేళ్లు పని సాగుతుందనీ, బెంగళూరు తప్పిందనీ చదివి అత్తకు వినిపించాను. ఆమె వీధి అంతా వినిపించింది. ఆ తొమ్మిదేళ్ల లెక్కకూ నీ కంప్యూటర్ లెక్కకూ ఇప్పుడు పొత్తు కుదిరిందంటే నాకు నీకంటే ఎక్కువ గర్వంగా ఉంది. ఇందులో కోళ్ల వంతు కూడా ఉందని మీ పెద్దలకు చెప్పావా?

నవంబరు ఉత్తరానికి నేను జవాబు రాయలేదని అలిగావట. రాయడానికి తీరిక ఎక్కడ? అది అందిన సాయంత్రమే చదివాను. మూడుసార్లు చదివాను. మా ఇంట్లో కెటిల్ లేదు, అత్త చెంబులో టీ పోసి ఇచ్చింది. చెంబు పట్టుకుని ఈసారి నేనే వాడి అరుగు ఎక్కాను. గోడ మీద మాల ఫోటో లేదు, మేకు మాత్రం ఉంది. ఉత్తరం చూపించాను. చదివాడు. వాడి గ్లాసు నిండా టీ పోశాను. తగ్గితే మళ్లీ పోశాను.

గ్లాసు నిండుగా ఉండగానే వాడు నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. నియమం తప్పాడు. ఆ రోజు చెప్పనందుకు తిట్టాడు, ఇన్నేళ్లు ఒంటరిగా మోసినందుకు తిట్టాడు, హోసూరులో ఊరంతా వినేలా అరిచినందుకు తిట్టాడు, ఆటలో కావాలనే ఓడిపోతున్నానని కనిపెట్టి తిట్టాడు. నేను కూడా ఊరుకోలేదు. గేటు దగ్గర పెడల్ తెలిసీ బస్సు తీసినందుకు తిట్టాను. చెంబు ఖాళీ అయింది, ఇద్దరం ఆగలేదు. వాళ్లావిడ బయటికి వచ్చి ఇద్దరినీ కలిపి తిట్టింది.

అప్పటి నుంచి రోజూ అదే పని. ముందు టీ, తర్వాత తిట్లు, తర్వాత ఆట. అందుకే తీరిక లేదు.

నా చెవుల సంగతి నీకు తెలుసు. ఆ సాయంత్రం వాడు తిట్టిన ప్రతి తిట్టూ నాకు వినపడింది తల్లీ.

నీ మామ
వరదప్ప